పెళ్లి ఫొటోగ్రాఫర్‌కు సొంత పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్: ఫొటోల ఎంపిక నుంచి గూగుల్‌లో కనిపించేదాకా

"మీ వర్క్ ఏదైనా ఉంటే పంపండి" అని పార్టీ (పెళ్లి ఆర్డర్ ఇచ్చేవాళ్లు) అడగ్గానే చాలామంది ఫొటోగ్రాఫర్లు ఫోన్ గ్యాలరీ తెరిచి చేతికందిన పదిహేను ఫొటోలు వాట్సాప్‌లో పెట్టేస్తారు. అక్కడ వాటి సైజు, క్వాలిటీ రెండూ తగ్గిపోతాయి. పెళ్లివారింట్లో ఆ ఫొటోలు ఒకరి ఫోన్‌లోనే ఉండిపోతాయి. ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంటే కొంత నయం. కానీ అక్కడా కొత్తది పైకి వచ్చేకొద్దీ పాతది కిందికి పోతుంది. ఒక పెళ్లిని మొదటి నుంచి చివరిదాకా వరుసగా చూపించే వీలు ఉండదు. అందుకే సొంత పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్ కావాలి, అంటే ఏరిన మీ ఫొటోలను మీకు నచ్చిన వరుసలో చూపించే సైట్.

ఇక్కడ చెప్పేదంతా పెళ్లి ఫొటోగ్రఫీని దృష్టిలో పెట్టుకుని రాసింది. ప్రొడక్ట్, ఆర్కిటెక్చర్, బేబీ షూట్లు తీసేవాళ్లకూ పని వరుస ఇదే, ఫొటోల జాబితా మాత్రం మారుతుంది.

రోజుకు రెండు గంటలు కేటాయిస్తే రెండు వారాల పని. ముహూర్తాలు లేని ఆషాఢం, పుష్యం, మూఢం రోజులు దీనికి సరిగ్గా సరిపోతాయి. సీజన్ నడుమ మొదలుపెడితే ఎంపిక దగ్గరే ఆగిపోతుంది.

మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒరిజినల్ ఫైళ్లు ఉన్న హార్డ్ డిస్కులన్నీ
- లైట్‌రూమ్ క్లాసిక్ లేదా మీకు అలవాటైన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్
- రంగులు సరిచేసుకున్న మానిటర్
- పాత పార్టీల ఫోన్ నంబర్లు (ఫొటో పెట్టడానికి అనుమతి అడగాలి)
- మీ సొంత ఈమెయిల్, డొమైన్ (సైట్ అడ్రస్‌గా వాడే పేరు) కొనడానికి మీ సొంత కార్డు లేదా యూపీఐ
- ఒక నోటు పుస్తకం

## 1. ఏ ఆర్డర్ కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి

"అన్ని రకాల ఫొటోగ్రఫీ చేయబడును" అనేది షాపు బోర్డుకు సరిపోతుంది, పోర్ట్‌ఫోలియోకు సరిపోదు. నోటు పుస్తకంలో ఇలా రాయండి: "రాజమహేంద్రవరం చుట్టుపక్కల ఇళ్లలో, గుళ్లలో, కల్యాణ మండపాల్లో జరిగే పెళ్లిళ్లకు క్యాండిడ్, ట్రెడిషనల్ రెండూ తీస్తాం." క్యాండిడ్ అంటే పోజు పెట్టించకుండా సహజంగా తీసేది, ట్రెడిషనల్ అంటే నిలబెట్టి తీసేది.

ఈ వాక్యం రేపు ఎంపికలో కొలబద్ద అవుతుంది. కొల్లేరులో తీసిన పక్షి ఫొటో ఎంత బాగున్నా ఈ వాక్యంలో లేదు కాబట్టి బయట ఉంటుంది. ప్రీ వెడ్డింగ్ షూట్లు వద్దనుకుంటే, ఉన్న ఒక్క మంచి ప్రీ వెడ్డింగ్ ఫొటో కూడా పెట్టకండి. ఏది చూపిస్తే దాని కోసమే ఫోన్ వస్తుంది.

చూసేవాళ్లెవరో కూడా రాసుకోండి. సాధారణంగా ఇద్దరుంటారు. అమెరికాలోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న పెళ్లికొడుకో పెళ్లికూతురో రాత్రి పూట లింకులు పోల్చి చూస్తారు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు అదే లింకును చిన్న ఫోన్‌లో తెరుస్తారు. పిల్లలు చూసేది శైలి. పెద్దవాళ్లు చూసేది ఘట్టాలు తప్పిపోలేదా, గ్రూప్ ఫొటోలో అందరి ముఖాలూ కనిపిస్తున్నాయా అని. ఇద్దరికీ జవాబు దొరకాలి.

## 2. ఒరిజినల్స్ ఒకచోటికి తేండి

"పోర్ట్‌ఫోలియో" అని కొత్త ఫోల్డర్ చేసి, బాగున్నాయని గుర్తున్న ఫొటోలన్నీ అందులోకి కాపీ చేయండి. మూవ్ చేయకండి. మూవ్ చేస్తే లైట్‌రూమ్ కేటలాగ్‌లో (ఏ ఫొటో ఎక్కడుందో అది రాసుకునే జాబితాలో) పాత లింకులు తెగిపోతాయి, ఆ పెళ్లి ఫోల్డర్‌లో ఫైలు లేకుండా పోతుంది.

300 నుంచి 400 దాకా పోగైతే చాలు. తీసుకోకూడనివి మూడు:

- వాట్సాప్‌లో వెళ్లి తిరిగి వచ్చిన ఫొటోలు
- కరిజ్మా ఆల్బమ్ షీట్లు. పూలు, గీతలు, డబుల్ ఎక్స్‌పోజర్లతో ఉన్న ఆ పేజీలు ఆల్బమ్ డిజైనర్ పనిని చూపిస్తాయి, ఫొటోగ్రాఫర్ పనిని కాదు. పైగా 12×36 షీట్ ఫోన్ తెర మీద సన్నని పట్టీలా కనిపిస్తుంది.
- వేరే ఫొటోగ్రాఫర్ కింద పనిచేసినప్పుడు తీసినవి, ఆయన ఒప్పుకోకపోతే

ఈ పని చేస్తున్నప్పుడే బ్యాకప్ సంగతి కూడా చూసుకోండి. మూడు కాపీలు, రెండు వేర్వేరు పరికరాల్లో, అందులో ఒకటి ఇల్లో స్టూడియోనో కాకుండా వేరే చోట ఉండాలి.

## 3. ఎంపిక: 300 నుంచి 40 దాకా

మొత్తం పనిలో సగం టైమ్ ఇక్కడే పెట్టండి. వెబ్‌సైట్ డిజైన్ ఎంత సాదాగా ఉన్నా మంచి 40 ఫొటోలు నిలబెడతాయి. 120 ఫొటోలు పెడితే అందులో బలహీనమైన 80 కలిసి మిగతా 40నీ కిందికి లాగుతాయి.

మొదటి విడత (300 నుంచి 100). వేగంగా చూడండి, ఒక్కో ఫొటోకు రెండు మూడు సెకన్లు. లైట్‌రూమ్‌లో ఉంచేదానికి పీ, తీసేదానికి ఎక్స్ నొక్కండి. ఆలోచించాల్సి వచ్చిందంటే దాన్ని వదిలేయొచ్చు.

ఆ తర్వాత ఒక రోజు పూర్తిగా ఆపండి. తీసినరోజు పడ్డ కష్టం, ఆ పెళ్లివారు పెట్టిన భోజనం, ఇచ్చిన మర్యాద అన్నీ ఫొటోకు అంటుకుని ఉంటాయి. చూసేవాళ్లకు అవేవీ తెలియవు. ఒక రోజు విరామం ఇస్తే ఆ అభిమానం కొంత తగ్గి ఫొటో ఒక్కటే కనిపిస్తుంది.

రెండో విడత (100 నుంచి 60). ఒకేలా ఉన్నవాటిని కలిపి సెలెక్ట్ చేసి ఎన్ నొక్కితే అన్నీ పక్కపక్కన వస్తాయి. ప్రతి గుంపులో ఒక్కటే మిగలాలి.

తలంబ్రాల ఘట్టం తీసుకుందాం. ఆ రెండు మూడు నిమిషాల్లో యాభై అరవై ఫ్రేములు తీసి ఉంటారు. వాటిని ఈ వరుసలో జల్లెడ పట్టండి:

- బియ్యం ఇంకా దోసిట్లోనే ఉన్నవి, అప్పటికే ఒళ్లో పడిపోయినవి తీసేయండి. దోసిలికీ తలకూ మధ్య గాల్లో ఉన్నవే ఉంచండి.
- అందులో ఇద్దరి ముఖాలూ కనిపించేవి ఉంచండి. పోసేవాళ్ల చెయ్యి ఎదుటివాళ్ల ముఖానికి అడ్డం వచ్చినవి చాలా ఉంటాయి.
- కళ్లు మూసుకున్నా ఫరవాలేదు. బియ్యం పడుతుంటే ఎవరైనా కళ్లు మూస్తారు. నవ్వు ఉందా అన్నది చూడండి.
- గింజలు స్పష్టంగా ఆగి ఉండాలి, లేదా నిండుగా గీతల్లా సాగి ఉండాలి. సెకనులో 500వ వంతు, అంతకన్నా వేగంగా తీసినవి మొదటి రకం. 125వ వంతు దగ్గర తీసినవి రెండో రకం. నడుమ రకంలో గింజలు మరకల్లా కనిపిస్తాయి, వాటిని వదలండి.
- ఇంకా రెండు మిగిలితే వెనకాల ఉన్న చుట్టాలను చూడండి. వాళ్లు కూడా నవ్వుతున్న ఫ్రేమే తీసుకోండి.

ఇదే ఓపిక జీలకర్ర-బెల్లం దగ్గరా కావాలి. అడ్డుతెర దిగిన క్షణం, తల మీద చెయ్యి, ఒకరి చూపు ఒకరి మీద, ఈ మూడూ ఒకే ఫ్రేములో దొరకడం అరుదు. మూడూ లేకపోతే చూపు ఉన్న ఫ్రేము ఎంచుకోండి. చెయ్యి కనిపించి చూపు లేనిది రికార్డు మాత్రమే అవుతుంది.

మూడో విడత (60 నుంచి 40). ఇప్పుడు ఫొటోగ్రఫీతో సంబంధం లేని ఒకరిని, వీలైతే ఈ మధ్యే ఇంట్లో పెళ్లి చేసిన పెద్దావిడను, పక్కన కూర్చోబెట్టండి. మీరేం మాట్లాడకుండా ఫొటోలు తిప్పండి. ఆవిడ ఆగిన చోటల్లా గుర్తు పెట్టుకోండి. "ఇదేంటమ్మా" అని అడిగిన చోట కూడా గుర్తు పెట్టుకోండి. ఆ ఫొటో తనంత తాను అర్థం కావడం లేదన్నమాట.

40లో ఏవెన్ని ఉండాలో ఒక లెక్క:

- ఘట్టాలు (గౌరీపూజ, జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, సప్తపది, బిందెలో ఉంగరం వగైరా): 14
- భావాలు (అప్పగింతల కన్నీళ్లు, స్నేహితుల అల్లరి, తాతయ్య నవ్వు): 8
- పెళ్లికూతురు, పెళ్లికొడుకు, జంట పోర్ట్రెయిట్లు: 8
- వివరాలు (నగలు, బాసికం, గోరింటాకు, కొబ్బరి బోండాం): 4
- కుటుంబ గ్రూపులు: 3
- మండపం మొత్తం కనిపించేవి: 3

జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు లేకుండా పెళ్లి పోర్ట్‌ఫోలియో పెట్టకండి. పోర్ట్రెయిట్ బాగా రాకపోతే మళ్లీ నిలబెట్టి తీయొచ్చు. ముహూర్తం మళ్లీ రాదు. ఆ ఒత్తిడిలో మీరు ఫ్రేము పట్టగలరా అన్నదే పెళ్లివారికి కావాల్సిన రుజువు. గ్రూప్ ఫొటోలు పాతకాలమని క్యాండిడ్ ఫొటోగ్రాఫర్లు తీసేస్తుంటారు, అది పొరపాటు. రెండు వరుసల్లో ఇరవై మంది, అందరి మీదా సమానమైన లైటు ఉన్న ఒక గ్రూప్ ఫొటో పెద్దవాళ్లకు ఎంతో ధైర్యం ఇస్తుంది.

ఒకే జంటవి ఆరుకు మించకూడదు. మీరు తీసినవి రెండే పెళ్లిళ్లయితే 40 కోసం పాకులాడకండి, 12 బలమైన ఫొటోలతో మొదలుపెట్టండి. మోడల్స్‌తో వర్క్‌షాప్‌లో తీసినవి పెట్టాలనిపిస్తే "స్టైల్డ్ షూట్" అని స్పష్టంగా రాయండి. నిజం పెళ్లిగా చూపిస్తే అది మోసమే, పైగా ఆ మోడల్ ఇంకో పది పేజీల్లో కనిపిస్తుంది.

## 4. రంగులు ఒక తాటి మీదకు తేండి

వేర్వేరు పెళ్లిళ్లు, వేర్వేరు కెమెరాలు, మారిన మీ ఎడిటింగ్ అలవాట్లు, ఇవన్నీ ఒకే పేజీలోకి వచ్చినప్పుడు ఒకే చేతి పని అనిపించాలి. మొదట మానిటర్‌ను క్యాలిబ్రేటర్‌తో (తెర రంగులు కొలిచే పరికరంతో) సరిచేయండి: వైట్ పాయింట్ 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు చదరపు మీటరుకు 100 నుంచి 120 క్యాండెలాలు. పరికరం లేకపోతే తెలిసిన ల్యాబ్‌వాళ్లనో తోటి ఫొటోగ్రాఫర్‌నో ఒక్క పూట అడిగి తెచ్చుకోండి.

తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సరిచేయడం. ఇక్కడ మన పెళ్లిళ్లకే ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. తెల్లగా ఉన్నాయి కదా అని ఐ డ్రాపర్ (ఏది తెలుపో సాఫ్ట్‌వేర్‌కు చూపించే గుర్తు) తీసుకెళ్లి మధుపర్కాల మీద నొక్కుతారు. వాటికి పసుపు అద్ది ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఆ పసుపును తెలుపుగా మార్చబోయి ఫొటో మొత్తాన్ని నీలం చేసేస్తుంది. పంతులుగారి కండువా, తలంబ్రాల బియ్యం కూడా అంతే. ఆ లైటులో మొదట్లోనే తీసి పెట్టుకున్న గ్రే కార్డ్ (రంగు సరిచూసుకునే బూడిద రంగు కార్డు) ఫ్రేము ఉంటే దాని మీద నొక్కండి. లేకపోతే తెల్ల గోడో కాగితమో చూసి మొదలుపెట్టి, చివరికి చర్మం రంగు చూసి ఆపండి. నలుగు ఫొటోల్లో ముఖం పసుపుగానే ఉండాలి, అది పూర్తిగా దిద్దేస్తే ఘట్టం పోతుంది.

రెండో ఇబ్బంది స్టేజీ వెనకాల ఎల్‌ఈడీ తెర. దాని వంకాయ రంగు వెలుగు చెంప మీద, మెడ మీద పడుతుంది. మొత్తం ఫొటోకు టింట్ (ఆకుపచ్చ, గులాబీల మధ్య రంగు మొగ్గు) మారిస్తే చీర రంగు చెడుతుంది. ఇలా చేయండి:

1. ముందు ముఖానికి ఎదురుగా ఉన్న ప్రధాన లైటుకు తగ్గట్టు ఫొటో మొత్తం సరిచేయండి.
2. మాస్కింగ్‌లో మనిషిని ఎంచుకుని ముఖ చర్మం, శరీర చర్మం మాత్రమే టిక్ పెట్టండి.
3. ఆ మాస్క్‌లో టింట్‌ను ఆకుపచ్చ వైపు కొద్దికొద్దిగా జరపండి, శాచురేషన్ కొంచెం తగ్గించండి.
4. ఒక చెంప మామూలుగా, రెండో చెంప వంకాయ రంగులో ఉంటే మాస్క్‌లోంచి మొదటి చెంపను బ్రష్‌తో తీసేయండి.
5. ఇంత చేసినా చర్మం బూడిద రంగుకు తిరిగితే ఆ ఫొటో వదిలేయండి.

రంగు కుదరలేదని బ్లాక్ అండ్ వైట్ చేసేయడం తేలికైన దారి. అలా చేసినవి పేజీలో ఇట్టే తెలిసిపోతాయి. నలభైలో మూడు నాలుగుకు మించి బ్లాక్ అండ్ వైట్ వద్దు, అవి కూడా లైటు, భావం కోసం ఎంచుకున్నవై ఉండాలి.

ముఖాలు తెల్లబరచకండి. ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు అయితే ఎవరికైనా కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ అమ్మాయి తన సొంత రంగులోనే అందంగా కనిపించే ఫొటో తీయడం మీ పని.

## 5. అనుమతి, కాపీరైట్

తీసింది నేనే కాబట్టి హక్కు నాదే అనుకుంటారు. పెళ్లి ఫొటోల విషయంలో చట్టం అలా చెప్పడం లేదు. భారత కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి.

ఇకమీదట బుకింగ్ కాగితంలో ఇలాంటి వాక్యం చేర్చండి: "ఈ వేడుకలో తీసిన ఫొటోల కాపీరైట్ ఫొటోగ్రాఫర్‌కు ఉంటుంది. కుటుంబ అవసరాలకు వాడుకునే, ప్రింట్ చేసుకునే పూర్తి స్వేచ్ఛ మాకు ఉంటుంది. మేము వద్దని చెప్పిన ఫొటోలు తప్ప మిగతావి ఫొటోగ్రాఫర్ తన వెబ్‌సైట్‌లో, సోషల్ మీడియాలో పెట్టుకోవచ్చు." కింద రెండు వైపుల సంతకాలు, తేదీ ఉండాలి.

పాత పార్టీలకు ఫోన్ చేసి మాట్లాడి, తర్వాత పెట్టబోయే ఫొటోలే జత చేసి మెసేజ్ పంపండి: "అండీ, మీ అమ్మాయి పెళ్లిలో తీసిన ఈ నాలుగు ఫొటోలు మా వెబ్‌సైట్‌లో పెట్టుకోవాలనుకుంటున్నాం. మీకూ అమ్మాయికీ అల్లుడుగారికీ సమ్మతమైతే 'సరే' అని రిప్లై ఇవ్వండి. ఏదైనా వద్దంటే అది తీసేస్తాం." వచ్చిన జవాబు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

- నలుగు, మంగళస్నానం ఫొటోలకు పెళ్లికూతురిని విడిగా అడగండి. ఇంట్లోవాళ్లు సరే అన్నారని పెట్టకూడదు.
- చిన్నపిల్లల ఫొటోలకు వాళ్ల అమ్మానాన్నల మాట కావాలి.
- శుభలేఖ మీది ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్, కారు నంబర్ ప్లేటు కనిపిస్తే క్రాప్ చేయండి లేదా మసక చేయండి.
- తర్వాతెప్పుడైనా తీసేయమంటే కారణం అడగకుండా అదే రోజు తీసేయండి.

## 6. వరుస పెట్టడం

హోమ్ పేజీకి కాలక్రమం అక్కర్లేదు. మీ దగ్గరున్న అన్నింటికన్నా బలమైన ఐదు ఫొటోలు మొదట పెట్టండి, ఆరో బలమైనది చివరికి దాచండి. ఆ ఐదులో ఒక ఘట్టం, ఒక భావం, ఒక పోర్ట్రెయిట్ తప్పకుండా ఉండాలి. ఆ తర్వాత దగ్గరగా తీసినదాని పక్కన దూరంగా తీసినది, ఎరుపు నిండిన ఫొటో పక్కన ప్రశాంతమైనది వచ్చేలా చూడండి. ఒకే పెళ్లికూతురు వరుసగా రెండుసార్లు రాకూడదు.

40 ఫొటోలూ పాస్‌పోర్ట్ సైజులో ప్రింట్ తీయించి నేల మీద పరిచి జరుపుకుంటే వరుస త్వరగా కుదురుతుంది. తెర మీద జరిపినప్పుడు మొత్తం ఒకేసారి కంటికి ఆనదు.

దీనికి తోడు ఒక పెళ్లిని పూర్తిగా చూపించే పేజీ ఒకటి కావాలి. అక్కడ మాత్రం పెళ్లికూతుర్ని చేయడం నుంచి అప్పగింతల దాకా జరిగిన వరుసలోనే 60 నుంచి 80 ఫొటోలు. ఏరిన 40 చూసి ముచ్చటపడ్డవాళ్లు, ప్రతి ఘట్టంలోనూ ఇలాగే వస్తాయా అని ఇక్కడ చూసుకుంటారు.

## 7. ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు

- ఫార్మాట్: జేపెగ్
- కలర్ స్పేస్: ఎస్‌ఆర్‌జీబీ (వెబ్‌కు వాడే రంగుల పరిధి)
- క్వాలిటీ: 75 నుంచి 80
- సైజు: పొడవు వైపు 2048 పిక్సెళ్లు
- షార్పెనింగ్: స్క్రీన్, స్టాండర్డ్
- మెటాడేటా (ఫైలులో దాగి ఉండే వివరాలు): కాపీరైట్ మాత్రమే, లొకేషన్ వద్దు
- ఒక్కో ఫైలు: సుమారు 300 నుంచి 600 కేబీ

రిజల్యూషన్ గడిలో 72 పెట్టినా 300 పెట్టినా తెర మీద తేడా రాదు, పిక్సెళ్ల లెక్కే ముఖ్యం. ప్రింటింగ్ అలవాటుతో అడోబీ ఆర్‌జీబీలో వదిలేస్తే కొన్ని తెరల మీద కుంకుమ రంగు చీర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

ఫైలు పేర్లు కెమెరా ఇచ్చిన నంబర్లుగా వదలకండి. ఊరి పేరు, ఘట్టం పేరు, వరుస సంఖ్య ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో రాసి, మాటకూ మాటకూ మధ్య అడ్డగీత పెట్టండి. అండర్‌స్కోర్ పెడితే గూగుల్ ఆ మాటలను విడదీసి చదవకపోవచ్చు.

వాటర్‌మార్క్ పెట్టాలనుకుంటే మూలన చిన్నగా పెట్టండి. ముఖాల మీదుగా వేసిన పెద్ద పేరు దొంగలను ఆపలేదు, చూసేవాళ్లను మాత్రం ఆపేస్తుంది.

## 8. డొమైన్, వేదిక

డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో, మీరే కొనండి. వెబ్ డిజైనర్ "నేను చూసుకుంటా అన్నా" అని తన ఖాతాలో కొంటే, రేపు ఆయన ఫోన్ ఎత్తకపోతే మీ పేరు మీ చేతిలో ఉండదు. కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫర్ ధర కాకుండా రెన్యువల్ ధర చూడండి.

పేరు ఎంచుకునే ముందు ఒక పరీక్ష చేయండి. ఫోన్‌లో స్నేహితుడికి ఆ పేరు ఒక్కసారి చెప్పి టైప్ చేయమనండి. తెలుగు పేర్లను ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. "శ్రీ"నే మూడు నాలుగు రకాలుగా రాసేవాళ్లున్నారు. స్నేహితుడు తప్పు రాస్తే పార్టీలు కూడా తప్పే రాస్తారు. అంకెలు, అడ్డగీతలు లేని చిన్న పేరు మేలు.

వేదిక (సైట్ తయారుచేసుకునే సర్వీసు) విషయంలో వారాలు గడపక్కర్లేదు.

- అడోబీ పోర్ట్‌ఫోలియో: లైట్‌రూమ్ ఉన్న క్రియేటివ్ క్లౌడ్ ఫొటోగ్రఫీ ప్లాన్‌కు ఇప్పటికే డబ్బు కడుతుంటే ఇది అందులోనే వస్తుంది. సొంత డొమైన్ కలుపుకోవచ్చు. డిజైన్లు తక్కువ, కానీ మొదటి సైట్‌కు అది మంచిదే.
- పిక్సీసెట్: పార్టీలకు ఫొటోలు డెలివరీ చేసే గ్యాలరీ, వెబ్‌సైట్ రెండూ ఒకచోట కావాలంటే.
- స్క్వేర్‌స్పేస్, విక్స్: పేజీలు మీకు నచ్చినట్టు మలచుకోవచ్చు. ఏటా చందా కట్టాలి.
- వర్డ్‌ప్రెస్: అన్నీ మీ చేతిలో ఉంటాయి, అప్‌డేట్లు, బ్యాకప్‌లు, సెక్యూరిటీ కూడా మీ నెత్తినే ఉంటాయి. పాతబడ్డ ప్లగిన్ల (సైట్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాముల) ద్వారా సైట్లు హ్యాక్ అవుతాయి. చూసుకునే మనిషి ఉంటేనే తీసుకోండి.

## 9. పేజీలు, రాత

ఐదు పేజీలు చాలు: హోమ్, గ్యాలరీ, ఒక పూర్తి పెళ్లి, మా గురించి, సంప్రదించండి.

"మా గురించి" దగ్గర ఎక్కువమంది తడబడతారు. "మధుర క్షణాలను బంధించి జీవితకాల జ్ఞాపకాలుగా మలుస్తాం" అన్న వాక్యం ఏ స్టూడియో పేరు కిందైనా సరిపోతుంది. అందువల్ల దాని వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఇలా రాయండి: "ఇద్దరు ఫొటోగ్రాఫర్లం, ఒక అసిస్టెంట్. ఉభయ గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్లు తీస్తాం. తెల్లవారుజాము ముహూర్తాలకు మా లైట్లు మేమే తెచ్చుకుంటాం. ఏరిన ఫొటోలు నాలుగు వారాల్లో, ఆల్బమ్ పది వారాల్లో ఇస్తాం." చేయగలిగిన గడువే రాయండి.

ధర పూర్తిగా దాచకండి. "ఒక రోజు, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఇంత నుంచి మొదలు" అని ఒక్క వాక్యం ఉంటే బేరం కుదరని ఫోన్లు తగ్గుతాయి. ప్రయాణం, బస, ఆల్బమ్ ఖర్చు అందులో ఉన్నాయో లేదో పక్కనే చెప్పండి.

తెలుగులో రాసేటప్పుడు యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే టైపింగ్ పద్ధతి) తప్పనిసరి. ఫ్లెక్సీలకు, శుభలేఖలకు వాడే అనూ ఫాంట్లలో టైప్ చేసినది వెబ్‌సైట్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులుగా మారుతుంది, గూగుల్ కూడా చదవలేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే నోటో సాన్స్ తెలుగు, మండలి చదవడానికి బాగుంటాయి. శీర్షికలకు రామభద్ర వాడొచ్చు. వరుసల మధ్య ఎడం 1.6 దగ్గర పెట్టండి. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి.

## 10. సంప్రదింపు ఫారం

ఐదు గడులు పెట్టండి:

- పేరు
- ఫోన్ (దేశం కోడ్‌తో సహా, విదేశాల నుంచి రాసేవాళ్లుంటారు)
- ముహూర్తం తేదీ, సమయం
- ఊరు, మండపం
- ఎన్ని వేడుకలు (నిశ్చితార్థం, పెళ్లి, వ్రతం, రిసెప్షన్)

ముహూర్తం సమయం ఎందుకంటే, రాత్రి రెండు గంటల పెళ్లికి మనుషులు, లైట్లు, మరుసటి రోజు ఆర్డర్ అన్నీ మారతాయి. ఐదుకు మించి అడిగితే మధ్యలో వదిలేస్తారు.

వాట్సాప్ బటన్ లింకులో నంబర్ ముందు 91 ఉండాలి. ప్లస్ గుర్తు, సున్నా, ఖాళీలు, అడ్డగీతలు ఉండకూడదు. వాటిలో ఏదున్నా లింకు సరిగ్గా తెరుచుకోకపోవచ్చు.

## 11. అందరికీ పంపే ముందు

వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద, ఖరీదు తక్కువ ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరవండి.

- మొదటి ఫొటో నిలువు తెరలో తల తెగకుండా వస్తోందా?
- పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో (సైట్ వేగం కొలిచే గూగుల్ పేజీలో) మొబైల్ ఫలితం చూశారా? పేజీలోని పెద్ద ఫొటో 2.5 సెకన్లలోపు రావాలి.
- పాట తనంతట తాను మోగుతోందా? మోగితే తీసేయండి. చాలామంది ఆఫీసులోనో బస్సులోనో చూస్తారు.
- ఫారం నింపి పంపితే మీ ఈమెయిల్‌కు వచ్చిందా, స్పామ్‌లో పడిందా?
- లింకు వాట్సాప్‌లో పెడితే ఫొటోతో ప్రివ్యూ వస్తోందా? అందుకు 1200×630 పిక్సెళ్ల ఫొటో ఒకటి సైట్ సెట్టింగుల్లో విడిగా ఇవ్వాలి.
- అడ్రస్ ముందు "సురక్షితం కాదు" అని వస్తోందా? వస్తే సైట్ సెట్టింగుల్లో ఎస్‌ఎస్‌ఎల్ (సైట్‌కూ ఫోన్‌కూ మధ్య రక్షణ) ఆన్ చేయండి.

## 12. గూగుల్‌కు చెప్పడం

గూగుల్ వాళ్ల సర్చ్ కన్సోల్‌లో సైట్ నమోదు చేసి సైట్‌మ్యాప్ (మీ పేజీల జాబితా ఉన్న ఫైలు) ఇవ్వండి. హోమ్ పేజీ టైటిల్‌లో "హోమ్" అని కాకుండా పని, ఊరు, స్టూడియో పేరు పెట్టండి.

ప్రతి ఫొటోకూ ఆల్ట్ టెక్స్ట్ (ఫొటోలో ఏముందో చెప్పే చిన్న వాక్యం) రాయండి. "పెళ్లి ఫొటో బెస్ట్ ఫొటోగ్రాఫర్ రాజమండ్రి" కాదు. "తలంబ్రాలు పోస్తూ నవ్వుతున్న పెళ్లికూతురు, రాజమహేంద్రవరం" అని ఉన్నదున్నట్టు రాయండి. చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది ఇదే.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కూడా తెరవండి. స్టూడియో లేకుండా ఇంటి నుంచి పనిచేస్తుంటే అడ్రస్ దాచి, సేవలందించే ప్రాంతాలు మాత్రమే ఇవ్వొచ్చు. పెళ్లి ఫొటోలు డెలివరీ చేసిన వారంలోనే రివ్యూ అడగండి.

## 13. వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

అప్‌లోడ్ చేశాక రంగులు వెలిసిపోయాయి. ఎస్‌ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ కాలేదు. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి మార్చండి.

ఫొటోలు మసకగా ఉన్నాయి. చిన్న సైజులో ఎక్కించినదాన్ని సైట్ పెద్దది చేస్తోంది, లేదా సైట్ తనే రెండోసారి కుదిస్తోంది. 2048 పిక్సెళ్లలో ఇచ్చి, ఇమేజ్ క్వాలిటీ సెట్టింగ్ చూడండి.

పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. హోమ్ పేజీలో స్లైడ్‌షోనో వీడియోనో ఉంటుంది. దాని బదులు ఒకే ఫొటో పెట్టండి. కింది ఫొటోలకు లేజీ లోడింగ్ (అక్కడిదాకా జరిపినప్పుడే ఫొటో తెరుచుకోవడం) ఆన్ చేయండి, మొదటి ఫొటోకు ఆఫ్ చేయండి.

చాలామంది చూస్తున్నారు, ఎవరూ రాయడం లేదు. ఊరు, ధర, సంప్రదింపు బటన్ మొదటి తెరలో ఉన్నాయా చూడండి. ఊరు పేరు లేకపోవడమే ఎక్కువసార్లు కారణం.

మీరు చేయని పని కోసం పార్టీలు అడుగుతున్నారు. గ్యాలరీలో అలాంటి ఫొటో ఒకటి మిగిలి ఉంటుంది. వెతికి తీసేయండి.

## 14. సీజన్ అయ్యాక

ప్రతి సీజన్ చివర నాలుగు కొత్త ఫొటోలు చేర్చండి, నాలుగు పాతవి తీయండి. లెక్క 40 దాటకూడదు. నెలకోసారి ఫారం మీరే నింపి పరీక్షించండి. డొమైన్ రెన్యువల్ తేదీని ఫోన్ క్యాలెండర్‌లో నెల ముందుకు రిమైండర్ పెట్టుకోండి. ఆటో రెన్యువల్ ఆన్ చేసి ఉన్నా కార్డు గడువు తీరితే డబ్బు కట్టబడదు, కాబట్టి కార్డు మారిన రోజే డొమైన్ ఖాతాలో కూడా మార్చండి.